నాలుగు గంటల తైపే సినిమా: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఎడ్వర్డ్ యాంగ్ తీసిన ‘ఎ బ్రైటర్ సమ్మర్ డే’ చూడమని రాశాను. 1991లో వచ్చిన తైవాన్ సినిమా. నిడివి 237 నిమిషాలు, అంటే నాలుగు గంటలకి మూడు నిమిషాలు తక్కువ. 1960 ప్రాంతంలో, తైవాన్ రాజధాని తైపేలో, రాత్రి బడిలో చదివే పద్నాలుగేళ్ల అబ్బాయి ఏడాది కాలంలో ఎలా మారిపోయాడు, చివరికి తను ఇష్టపడిన అమ్మాయినే నడివీధిలో కత్తితో ఎలా పొడిచాడు అన్నది కథ. చూసినవాళ్లు, సగం చూసి వదిలేసినవాళ్లు, రెండు రోజులు నిద్రపట్టలేదన్నవాళ్లు, నా మీద కోప్పడ్డవాళ్లు చాలామంది రాశారు. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి ఈ నెల మొత్తం వాటికే ఇస్తున్నాను.

గంటసేపు చూశానండీ. ఎవరు ఎవరో అర్థం కాలేదు. అందరూ ఒకేలా ఉన్నారు, ఎవడు ఎవణ్ని కొడుతున్నాడో తెలియదు. ఆపేశాను. లోపం నాలోనే ఉందా?
(డిగ్రీ విద్యార్థి, విజయవాడ)

లేదు. మొదటి గంట దాదాపు అందరికీ ఇలాగే గడుస్తుంది. ఇందులో చిన్నా పెద్దా కలిపి వందకు పైగా పాత్రలున్నాయి, చాలామంది అంతకుముందు కెమెరా ముందు నిలబడని పిల్లలు. అందరికీ అదే ఖాకీ యూనిఫాం, అదే పొట్టి క్రాపు. పైగా దర్శకుడు ఎవరినీ పరిచయం చెయ్యడు, మొహాలు దగ్గరగా చూపించడు, సగం సీన్లు రాత్రి పూట, కరెంటు పోయిన గదుల్లో. కొత్తగా వేరే ఊరి బడిలో చేరితే మొదటి వారం ఎలా ఉంటుందో ఆ గంట అలాగే ఉంటుంది. మీరు ఇంకొక్క అరగంట ఆగి ఉంటే మొహాలు పట్టుబడేవి. ఈసారి మొదలుపెట్టేముందు ఈ కొంచెం తెలుసుకోండి, కథ చెడదు.

కుర్రాడి పేరు షియావోసర్. ఇంట్లో నాలుగో సంతానం కాబట్టి ఆ పిలుపు. వాళ్లది చైనా నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి ప్రభుత్వ ఉద్యోగి. ఊళ్లో కుర్రాళ్ల గ్యాంగులు రెండు. ‘లిటిల్ పార్క్’ వాళ్లు ఎక్కువగా ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు, ‘217’ వాళ్లు సైనిక కుటుంబాల కాలనీ పిల్లలు. లిటిల్ పార్క్ నాయకుడు హనీ. మింగ్ అనే అమ్మాయి విషయంలో 217 వాణ్ని ఒకణ్ని చంపి దక్షిణాదిన తైనాన్‌లో దాక్కున్నాడు, కాబట్టి చాలాసేపు అతని పేరు వినిపిస్తుందే తప్ప మనిషి కనిపించడు. అతను లేని సమయంలో పెత్తనం కోసం స్లై అనేవాడు ఎగబడుతుంటాడు. షియావోసర్ పూర్తిగా ఏ గ్యాంగులోనూ లేడు, స్నేహితులు మాత్రం లిటిల్ పార్క్ వైపే. అందులో సన్నని గొంతుతో అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాటలు పాడే బుడతడు క్యాట్. బడిలో వైద్యం గది దగ్గర షియావోసర్‌కి మింగ్ పరిచయమవుతుంది. తర్వాత సైన్యాధికారి కొడుకు ఒకడు కొత్తగా బడిలో చేరతాడు, పేరు షియావో మా. ఈ ఆరుగురిని గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా వాళ్లు వాళ్ల చుట్టూ సర్దుకుంటారు.

ఇంకో మాట. ఈ పిల్లలు ఇలా గ్యాంగులు కట్టడానికి కారణాన్ని సినిమా మొదట్లోనే తెర మీద అక్షరాల్లో రాసి చూపిస్తారు, అది చదవకుండా దాటెయ్యకండి. 1949లో కమ్యూనిస్టుల చేతిలో ఓడిపోయిన చియాంగ్ కై-షేక్ ప్రభుత్వంతో పాటు పది లక్షలకు పైగా జనం చైనా నుంచి తైవాన్ వచ్చిపడ్డారు. ఇవాళో రేపో తిరిగి వెళ్లిపోతామనుకున్నారు, వెళ్లలేదు. ఆ పెద్దవాళ్ల భయమే పిల్లలకి దిగింది. మేమెవరం అన్న ప్రశ్నకి ఇంట్లో జవాబు దొరక్క వీధిలో వెతుక్కున్నారు. నాలుగు గంటల సినిమా అంతా ఈ ఒక్క పేరాలోంచే పుట్టింది.

నేను రిటైర్డ్ టీచర్ని. ‘దానవీరశూరకర్ణ’ హాల్లో మూడుసార్లు చూసినవాణ్ని, కాబట్టి నిడివికి భయపడే రకం కాదు. కానీ ఇందులో ఏమీ జరగట్లేదు కదా నాయనా! కుర్రాళ్లు నడుస్తారు, కూర్చుంటారు, లైటు వేస్తారు, ఆర్పుతారు. దీన్ని గొప్ప సినిమా అని ఎందుకంటున్నారు?
(తెనాలి)

మాస్టారూ, మీ ఉత్తరం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే అసలు విషయాన్ని సరిగ్గా పట్టుకున్నారు. మనకి పొడుగు సినిమా కొత్త కాదు. 1977 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమా కూడా నాలుగు గంటలకి దగ్గర్లోనే ఉంటుంది, ఎన్టీఆర్ మూడు వేషాలు వేసి తానే దర్శకత్వం చేసిన దాన్ని జనం కదలకుండా కూర్చుని చూశారు. కొండవీటి వెంకటకవి గారి మాటలు ఇప్పటికీ అప్పజెప్పేవాళ్లున్నారు. కానీ అక్కడ ఎక్కడ ఒళ్లు పులకరించాలో, ఎక్కడ చప్పట్లు కొట్టాలో సినిమాయే చెబుతుంది. మయసభలో దుర్యోధనుడు మాట్లాడుతున్నప్పుడు ఇది ముఖ్యమైన ఘట్టమని మనకి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. యాంగ్ సినిమాలో జరిగేవి తక్కువేమీ కాదు. ఇది ముఖ్యం, ఇటు చూడు అని ఆయన చెప్పడు, అంతే తేడా.

నిజంగా ఏం జరుగుతుందో చూడండి. ఒక గ్యాంగు నాయకుణ్ని కారు కిందకి తోసి చంపుతారు. దానికి ప్రతీకారంగా తుఫాను రాత్రి బిలియర్డ్స్ ఆడే చోట కత్తులతో ఊచకోత జరుగుతుంది. ఒక తండ్రిని రహస్య పోలీసులు తీసుకుపోయి రోజుల తరబడి ప్రశ్నిస్తారు. ఒక పిల్లాణ్ని బడినుంచి గెంటేస్తారు. చివర్లో హత్య. ఇవన్నీ మన మామూలు సినిమాలో ఉంటే ఒక్కో దానికి ముందు పావుగంట సంగీతం వాయిస్తారు. ఇక్కడ మాత్రం కారు కిందకి తోయడం బయట చీకట్లో ఒక్క క్షణంలో అయిపోతుంది, లోపల హాల్లో పాటల కచేరీ సాగుతూనే ఉంటుంది. తండ్రిని తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు అరవరు, మర్యాదగానే తీసుకెళ్తారు. ఆయన తిరిగొచ్చాక అక్కడ ఏం జరిగిందని ఇంట్లో ఎవరూ గట్టిగా అడగరు. మార్షల్ లా (సైనిక చట్టం) కింద బతికిన ఊళ్లో ఘోరాలు అలాగే జరుగుతాయి, పొద్దున్నే మళ్లీ అందరూ బడికీ ఆఫీసుకీ వెళ్లిపోతారు. తైవాన్‌లో ఆ మార్షల్ లా 1949 నుంచి 1987 దాకా నడిచింది, అది ఎత్తేసిన నాలుగేళ్లకి ఈ సినిమా వచ్చింది. అంతకుముందైతే ఆ ప్రశ్నించే సీన్లు తీసే వీలే ఉండేది కాదు.

లైటు వేస్తారు ఆర్పుతారు అన్నారు, అదే పట్టుకోండి మాస్టారూ. మొదటి షాటే ఒక చెయ్యి బల్బు వెలిగించడం. బడి పక్కనే ఉన్న సినిమా స్టూడియోలోంచి షియావోసర్ ఒక టార్చిలైటు దొంగిలిస్తాడు. ఆ టార్చితోనే అల్మరాలో పడుకుని చదువుకుంటాడు, దాంతోనే చీకట్లో పెద్దవాళ్లు దాచుకునేవి చూస్తాడు, తుఫాను రాత్రి చచ్చిపడి ఉన్నవాళ్ల మొహాలు మనకి కనిపించేదీ ఆ వెలుగులోనే. వాడికి చూపు మందగిస్తోందన్న సంగతి కూడా మధ్యలో ఒకటి నడుస్తుంటుంది. కత్తి పట్టుకుని బయల్దేరేముందు మళ్లీ ఆ స్టూడియోకే వెళ్లి టార్చి అక్కడ వదిలేస్తాడు. ఆ సీన్ దాకా మూడున్నర గంటలు మీరు ఆ టార్చితో కలిసి నడిచి ఉంటే తప్ప దాన్ని వదిలెయ్యడం అంటే ఏమిటో తెలియదు. గంటన్నర సినిమాలో ఇదే చెయ్యాలంటే ఎవరో ఒకరు నోటితో చెప్పాల్సి వచ్చేది. నిడివి అందుకే కావాల్సి వచ్చింది, గొప్పలకి పోయి పొడిగించింది కాదు.

బోర్ కొట్టిన చోట్లు నాకు మాత్రం లేవని కాదు. స్లై గ్యాంగు పంచాయతీలు కొన్ని ఇంకా తగ్గించొచ్చనే ఇప్పటికీ అనుకుంటాను.

హత్య గురించి ముందే చెప్పేశారు. స్పాయిలర్ కదా ఇది?
(ఇద్దరు ముగ్గురు రాశారు)

చైనీస్‌లో ఈ సినిమా పేరే ‘గులింగ్ వీధిలో కుర్రాడు చేసిన హత్య’ అనే అర్థంలో ఉంటుంది. 1961 జూన్‌లో తైపేలో నిజంగా జరిగిన హత్య అది, విడుదలైనప్పుడు టికెట్ కొన్న ప్రతివాడికీ తెలుసు. కర్ణుడు చనిపోతాడని తెలియక మనం ఆ సినిమాకి వెళ్లామా? ఏం జరుగుతుందో ముందే తెలిస్తేనే, ఎందుకు జరిగిందో చూడటానికి మనసు ఖాళీగా ఉంటుంది.

నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. నాకు ఈ సినిమా మీద గట్టి అభ్యంతరం ఉంది. వద్దన్న అమ్మాయిని చంపిన అబ్బాయిని నాలుగు గంటలు దగ్గరకు తీసుకుని లాలించడమేగా ఇది? మన ఊళ్లలో ఇలాంటివి పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఆ అబ్బాయి పెరిగిన పరిస్థితులు, ఆ అబ్బాయి బాధ, ఆ అబ్బాయి కన్నీళ్లు. చచ్చిపోయిన పిల్ల సంగతేంటి?
(హనుమకొండ)

అమ్మా, వచ్చిన ఉత్తరాలన్నిటిలో జవాబు రాయడానికి నాకు ఎక్కువ సమయం పట్టింది మీ ఉత్తరానికే. మీ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోవట్లేదు. కాదన్నందుకు అమ్మాయి మీద దాడి చేసినవాళ్ల వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మనం చదివాం, అలాంటప్పుడు ‘పాపం వాడు కూడా...’ అని మొదలుపెట్టే గొంతు వింటే నాకూ ఒళ్లు మండుతుంది. వెంటపడితే చివరికి అమ్మాయి ఒప్పుకుంటుందని హీరోలతో చెప్పించిన సినిమాలు మనమే బోలెడు తీశాం. కాబట్టి ఈ ప్రశ్నతో ఏ సినిమానైనా నిలదియ్యాల్సిందే.

కానీ మింగ్‌ని ఒక్కసారి వేరుగా తీసి చూడండి. తల్లీకూతుళ్లకి సొంత గూడు లేదు, బంధువుల ఇంట్లో తలదాచుకుంటారు. తల్లికి ఉబ్బసం, ఇళ్లలో పనిచేస్తుంది, ఆయాసం వస్తే ఉద్యోగం పోతుంది. ఆ పిల్ల పద్నాలుగేళ్లకే ఒక సంగతి నేర్చుకుంది. ఎవరి దగ్గర బలం ఉందో వాళ్ల పక్కన నిలబడాలి, వాళ్లు పోతే ఇంకొకరు. హనీ ఉన్నాడు, పోయాడు. షియావోసర్ వచ్చాడు. తర్వాత షియావో మా ఇంట్లో చోటు దొరికింది. మగపిల్లలు దీన్ని తిరుగుబోతుతనం అనుకుంటారు. సినిమా మాత్రం ఎక్కడా అలా అనుకోనివ్వదు, ఆ తల్లి దగ్గు వినిపించిన ప్రతిసారీ ఆ పిల్ల లెక్క మనకి అర్థమవుతుంది. ఆమెకి ఏడవమంటే ఏడవడం కూడా వచ్చు. స్టూడియోలో దర్శకుడు పరీక్షించి మురిసిపోతాడు, ఎంత సహజంగా ఏడ్చిందో అని. బతకడానికి నేర్చుకున్న విద్య అది, ఆయనకి నటనలా కనిపించింది.

ఇక చివరి సీన్. షియావోసర్ ఆమెతో అనేది ఏమిటి? నీ సంగతులన్నీ నాకు తెలుసు, అయినా నేను పట్టించుకోను, నిన్ను నేనొక్కణ్నే కాపాడగలను అని. ఆమె జవాబు సూటిగా ఉంటుంది. నువ్వూ మిగతావాళ్లలాగే నన్ను మార్చాలనుకుంటున్నావు, నీకు కావాల్సింది నీ మీద ప్రేమకి హామీ, నేను ఈ లోకంలాంటిదాన్ని, మారను అని. (నా మాటల్లో చెబుతున్నాను, సినిమాలో ఇంకా పదునుగా ఉంటుంది.) నాలుగు గంటల్లో ఆ అబ్బాయి గురించి ఎవరూ చెప్పని నిజం చచ్చిపోయే ముందు ఆ పిల్లే చెబుతుంది. దర్శకుడు వాణ్ని లాలించాలనుకుంటే ఆ మాటలు ఆమె నోట పెట్టేవాడు కాదు. నీతి, నిజాయితీ అంటూ తిరిగిన ఆ కుర్రాడే అందరికంటే ప్రమాదకరమని అక్కడ తేలుతుంది, ఎందుకంటే తను కాపాడుతున్నాననే వాడి నమ్మకం.

పొడిచాక వాడు ఆమెని లేవమంటాడు. లే, నువ్వు లేవగలవు అంటాడు. ఏం చేశాడో వాడికింకా తెలియలేదు. దాన్ని చూసి జాలి కలగడం సహజం, నాకూ కలిగింది. అయితే ఆ జాలి ఆమె చావుని చిన్నది చెయ్యలేదు.

ఇంత చెప్పాక కూడా మీ ప్రశ్నలో ఒక భాగం మిగిలే ఉంది, దాన్ని దాచను. హత్య తర్వాత సినిమా ఎక్కువగా వెళ్లేది అబ్బాయి ఇంటికే. వాడి తల్లి, వాడి అక్కలు, వాడి స్నేహితులు. ఆ ఉబ్బసం తల్లి ఏమైపోయిందో తెలుసుకోవాలని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. యాంగ్ కావాలనే అటు వెళ్లలేదా, వాడి వైపు నుంచి మొదలుపెట్టిన కథ కాబట్టి అటే ముగించాడా అని వాదించుకోవచ్చు. నేనైతే దాన్ని లోటుగానే చూస్తాను. గొప్ప సినిమా అని ఒప్పుకుంటూనే ఈ మాట అనొచ్చు. మీ విద్యార్థులకి చూపించి, మింగ్ వైపు నుంచి ఈ కథ రాయమనండి. ఏం రాశారో నాకు పంపితే సంతోషిస్తాను.

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. వాడితో కలిసి చూడొచ్చా?
(ఇద్దరు పిల్లల తండ్రి, కరీంనగర్)

చూడొచ్చు, ముందు మీరొక్కరు చూసి. తుఫాను రాత్రి నరుక్కోవడం చాలావరకు చీకట్లోనే ఉన్నా కడుపులో తిప్పుతుంది. కానీ నేను చూడొచ్చనేది ఇంకో కారణం వల్ల. ఇది తండ్రుల సినిమా కూడా. పిల్లల సినిమా అనుకుని కూర్చుంటారు, మధ్యలో ఎక్కడో మీ కళ్లు ఆ తండ్రి మీదకి వెళ్లిపోతాయి.

రెండు సీన్లు జంటగా ఉంటాయి. మొదటిసారి షియావోసర్ మీద చెయ్యని తప్పు మోపుతారు, తండ్రి బడికొచ్చి అధికారితో గట్టిగా గొడవ పెట్టుకుంటాడు. తండ్రీకొడుకులు సైకిల్ నడిపించుకుంటూ ఇంటికొస్తారు. చెయ్యని తప్పుకి క్షమాపణ చెప్పుకుంటూ బతికితే అదేం బతుకు, నీ భవిష్యత్తు నీ కష్టంతోనే వస్తుందని నమ్ము అంటాడు తండ్రి. పిల్లాడి మొహం వెలిగిపోతుంది. ఆ తర్వాత పోలీసులు ఆయన్ని తీసుకెళ్తారు. చైనాలో ఉన్నప్పుడు ఎవరెవరు తెలుసో అన్నీ రాయమంటారు, రాసింది చాలదని మళ్లీ రాయిస్తారు. కొట్టినట్టు ఎక్కడా చూపించరు. తిరిగొచ్చిన మనిషి మాత్రం అదే మనిషి కాదు. రెండోసారి బడికి పిలిచినప్పుడు అదే తండ్రి అదే అధికారి ముందు బతిమాలతాడు. అది చూసిన కొడుకు బేస్‌బాల్ బ్యాటు తీసుకుని తల మీది బల్బుని పగలగొడతాడు, బడిలోంచి తీసేస్తారు. మళ్లీ ఇద్దరూ అలాగే సైకిల్ నడిపించుకుంటూ వస్తారు. ఈసారి తండ్రి అనేది, నేను సిగరెట్లు మానేస్తాను, ఆ డబ్బుతో నీకు కళ్లజోడు కొందాం అని.

వాడికి మొదటి సైకిల్ నడకలో తండ్రి చెప్పిన మాటే గుర్తుండిపోయింది. తండ్రికి మాత్రం ఆ మాట మీద నమ్మకం పోయింది. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు, అదే భరించలేం. ఇంకో సంగతి, ఆ తండ్రిగా వేసిన చాంగ్ కువో-చూ నిజంగానే ఆ కుర్రాడి తండ్రి, అన్నగా వేసినవాడు నిజం అన్న. కుర్రాడు చాంగ్ చెన్‌కి ఇదే మొదటి సినిమా. 2000లో ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ ఎడారి సీన్లలో మీరు అతన్ని చూసే ఉంటారు.

మీ అబ్బాయితో చూశాక వెంటనే ఏమీ అడగకండి. వాడే మాట్లాడతాడు.

నేను సియాటిల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఈ దర్శకుడు కూడా ఒకప్పుడు ఇక్కడే పనిచేశాడని విన్నాను, నిజమేనా?

నిజమే. యాంగ్ 1947లో షాంఘైలో పుట్టాడు, పసివాడిగా ఉన్నప్పుడే కుటుంబం తైపే వచ్చేసింది. తైవాన్‌లో ఇంజినీరింగ్ చదివి, ఫ్లోరిడా యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేశాడు. సినిమా మీద ఇష్టంతో కాలిఫోర్నియాలో ఫిల్మ్ కోర్సులో చేరి మధ్యలో వదిలేశాడు. తర్వాత సియాటిల్‌లో కొన్నేళ్లు కంప్యూటర్ల ఉద్యోగం. అక్కడే వెర్నర్ హెర్జోగ్ తీసిన ‘అగీర్రే’ చూసి మళ్లీ సినిమా వైపు తిరిగాడు. తైవాన్ వెళ్లిపోయి 1982లో ‘ఇన్ అవర్ టైమ్’ అనే నాలుగు కథల సినిమాలో ఒక భాగం తీశాడు, హౌ షియావో-షియన్ లాంటి దర్శకులతో కలిసి తైవాన్ కొత్త సినిమాకి పునాది వేశాడు. 2000లో ‘యీ యీ’ సినిమాకి ఫ్రాన్స్‌లోని కాన్స్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడు. 2007లో క్యాన్సర్‌తో పోయాడు, అప్పటికి అరవై కూడా నిండలేదు.

గులింగ్ వీధి హత్య జరిగేనాటికి ఆయనకి పదమూడేళ్లు, ఆ కుర్రాడు చదివిన బడిలోనే ఆయనా చదివాడు. ముప్పై ఏళ్లు మోసి తీసిన సినిమా. ఆ వీధుల్లో ట్యాంకులు అలా మామూలుగా వెళ్లిపోతుంటే సైకిళ్లవాళ్లు పక్కకి జరగడం, అంతకుముందు తైవాన్‌ని ఏలిన జపాన్ వాళ్లు కట్టిన ఇళ్లలో చైనా కుటుంబాలు ఉండటం, ఎనిమిదేళ్లు జపాన్‌తో యుద్ధం చేసి వచ్చి ఇప్పుడు జపాన్ ఇంట్లో ఉండి జపాన్ పాటలు వింటున్నామని ఆ తల్లి విసుక్కోవడం, ఇవన్నీ అక్కడ పెరిగినవాడికి తప్ప తోచవు.

ఉద్యోగం మానేసి సినిమా తియ్యాలా అని మీ ఉత్తరం చివర్లో అడిగారు. అది నేను చెప్పలేను. ఆయన మాత్రం సొంత ఊరి కథ చెప్పడానికే వెనక్కి వెళ్లాడు.

1.5 స్పీడులో పెట్టి చూశాను, కథ అంతా అర్థమైంది. తప్పా?
(విశాఖపట్నం)

కథ అర్థమై ఉంటుంది. మీరు పోగొట్టుకుంది శబ్దం. ఈ సినిమాలో ముఖ్యమైనవి చాలా తెర బయట వినిపిస్తాయి. పక్క గదిలో మాటలు, దూరంగా బ్యాండు సాధన, ఎక్కడో రేడియో. మొదట్లో ఒక రేడియో పరీక్ష పాసైనవాళ్ల పేర్లు చదువుతుంటుంది, ఒకదాని తర్వాత ఒకటి, ఏ భావమూ లేని గొంతుతో. సినిమా చివర్లో మళ్లీ అదే రకం జాబితా వస్తుంది. ఈసారి ఇంట్లో వాడు లేడు, తల్లి బట్టలు సర్దుతుంటుంది. టెన్త్ ఫలితాల రోజు పేపర్లో నంబరు కోసం వెతికిన ఇళ్లవాళ్లకి ఆ గొంతు ఎంత బరువుగా తగులుతుందో వేరే చెప్పాలా? ఆ పేర్లని స్పీడు పెంచి వింటే ఏమీ మిగలదు. మీకు సమయం లేకపోతే రెండు రాత్రులుగా చూడండి. తుఫాను రాత్రి సీన్ అయ్యాక ఆపితే సరిపోతుంది, సినిమా అక్కడ సహజంగానే ఊపిరి తీసుకుంటుంది.

క్యాట్ పాటల టేపు సంగతి చివరికేమైంది? కళ్లనీళ్లతో సరిగా చూడలేదు.
(రాజమండ్రి, గృహిణి)

ఎల్విస్‌కి తను పాడిన టేపు పంపితే అమెరికా నుంచి జవాబు వచ్చిందని, ఆ ఆనందం చెబుతూ జైల్లో ఉన్న షియావోసర్‌కి ఇంకో టేపు చేసి తీసుకెళ్తాడు. కౌంటర్లో ఉన్నవాడు తీసుకుంటాడు, పిల్లాడు వెళ్లగానే చెత్తలో పడేస్తాడు. షియావోసర్‌కి అది చేరలేదు. నాకు హత్య సీన్ కంటే ఇదే ఎక్కువ బాధ కలిగించింది.

మూడు గంటల వెర్షన్ కూడా ఉందట. ఏది చూడాలి? ఈ సినిమా నచ్చితే తర్వాత ఏం చూడమంటారు?
(హైదరాబాద్, నిజామాబాద్, డాలస్ నుంచి వచ్చిన ఉత్తరాలు)

మూడు గంటలది ఉంది, చూడకండి. గ్యాంగు కథ మిగులుతుంది, ఇల్లు తగ్గిపోతుంది. ఇల్లు లేకపోతే వాడు ఎందుకు కత్తి పట్టాడో అర్థం కాదు. పాత కాపీలు చాలాకాలం మసగ్గా ఉండేవి, చీకటి సీన్లలో ఏమీ కనిపించేది కాదు. బోర్ అని రాసినవాళ్లలో కొందరు అలాంటిదే చూసి ఉంటారని నా అనుమానం. అమెరికా దర్శకుడు మార్టిన్ స్కోర్సేసి మొదలుపెట్టిన సంస్థ 2009లో దీన్ని బాగుచేయించింది, క్రైటీరియన్ అనే డిస్కుల కంపెనీ 2016లో పూర్తి నిడివితో డిస్కు తెచ్చింది. అదే వెతకండి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి. ఫోన్లో మాత్రం వద్దు, గదిలో లైట్లు ఆర్పి టీవీలో చూడండి.

తర్వాత ‘యీ యీ’ చూడండి, అది మూడు గంటల లోపే, దీనికంటే తేలిగ్గా లోపలికి రానిస్తుంది. నిజానికి ఇది సగంలో వదిలేసినవాళ్లు కూడా ముందు దాన్ని చూసి మళ్లీ ఇటు రావచ్చు. అలాగే హౌ షియావో-షియన్ 1985లో తీసిన ‘ఎ టైమ్ టు లివ్, ఎ టైమ్ టు డై’. అదీ చైనా నుంచి వచ్చిన కుటుంబంలో పెరిగిన పిల్లాడి కథే, దర్శకుడి సొంత బాల్యమే. కానీ అక్కడ పల్లె వాతావరణం, ఒక నాయనమ్మ, చైనాలోని తన ఊరికి నడిచి వెళ్లిపోదామని మనవణ్ని పిలిచే నాయనమ్మ. ఆవిడ గురించి వచ్చే నెల మాట్లాడుకుందాం, ఈలోగా చూసి రాయండి.